ఇంటర్ పిల్లలతో మనసు గురించి మీటింగ్ పెట్టాలంటే: వెనక నుంచి ముందుకు రండి

నేను జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతాను. ఎన్ఎస్ఎస్ కూడా నా నెత్తినే ఉంది. కొన్నేళ్ల కిందట అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం జరపమన్నారు, దగ్గరుండి జరిపించాను. ఫ్లెక్సీ కొట్టించాం. పక్క పట్నం నుంచి సైకియాట్రిస్టును పిలిచాం. జ్యోతి ప్రజ్వలన, ముగ్గురు పెద్దల ప్రసంగాలు, శాలువా, మెమెంటో అన్నీ అయ్యాయి. డాక్టరు గారు మెదడు బొమ్మ వేసి గంటంబావు చెప్పారు. నాలుగు వందల మంది పిల్లలు షామియానా కింద చెమటలు కక్కుతూ కూర్చుని, ఎక్కడ కొట్టమంటే అక్కడ చప్పట్లు కొట్టారు. జిల్లా ఎడిషన్‌లో ఫొటో పడింది.

డాక్టరు గారిని రైలెక్కించే తొందరలో నేను బండి తీస్తుంటే ఫస్టియర్ అమ్మాయి ఒకతె దగ్గరకొచ్చి "సార్, ఒక మాట" అంది. "రేపు స్టాఫ్ రూముకి రామ్మా" అన్నాను. మర్నాడు రాలేదు. వారం తర్వాత నేనే పిలిచి అడిగితే "ఏం లేదు సార్" అంది. ఆ "ఏం లేదు" వెనకాల ఏముందో తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది, డిగ్రీ చదువుతోంది. కానీ ఆ రోజు మేం చేసిన హడావుడికి ఫలితమంటూ వచ్చిందంటే ఆ ఒక్క మాటే. అది వచ్చే సరికి నేను బండికి కిక్కు కొడుతున్నాను.

అందుకే ఇప్పుడు నేను మీటింగ్ పెట్టే పద్ధతి తిరగబడింది. మీటింగ్ అయ్యాక ఏం జరగాలో అది ముందు ఏర్పాటు చేసుకుంటాను, మైకు సంగతి చివర్లో చూస్తాను. మీరు లెక్చరరైనా, హాస్టల్ వార్డెనైనా, ఊళ్లో యువజన సంఘం నడిపే కుర్రాళ్లయినా ఇదే వరసలో చేసుకురండి.

1. ఫోను, ఆసుపత్రి, బస్సు

మొదట మీ ఫోను తీసి 14416కు చేయండి. ఇది టెలి మానస్ నంబరు, మనసు బాగాలేనివాళ్లకు ఫోన్లో సాయం చేసే హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పెద్ద దిక్కుగా నడుస్తోంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమనుకుంటే సైకియాట్రిస్టు లాంటి నిపుణులకు కలుపుతారు. ఇవన్నీ మీరు పిల్లలకు చెప్పబోయేవే. కానీ మీరే ఒక్కసారి కూడా చేయని నంబరును ఇంకొకరికి ఇవ్వకండి. నేను ఒక ఆదివారం రాత్రి చేశాను. భాష ఎంచుకోమంది, తెలుగు నొక్కాను. "నాకేం లేదమ్మా, మా పిల్లలకు చెబుదామని" అంటే అవతల ఉన్నావిడ విసుక్కోలేదు, ఏమేం అడుగుతారో ఓపిగ్గా చెప్పింది. ఆ ఐదు నిమిషాలు నాకు ఆ తర్వాత చాలా పనికొచ్చాయి. "ఫోన్ చేస్తే ఏమడుగుతారు సార్?" అన్నది పిల్లల మొదటి ప్రశ్న మరి.

ఇక్కడే అసలు చిక్కు. మన ఇంటర్ హాస్టళ్లలో చాలాచోట్ల పిల్లల దగ్గర ఫోన్లుండవు. వారానికో రోజు వరసలో నిలబడి, వెనక వాడు "తొందరగా కానివ్వరా" అంటుండగా ఐదు నిమిషాలు అమ్మతో మాట్లాడాలి. గోడ మీద 14416 అని జానెడు అక్షరాలతో రాయించి, ఫోను మాత్రం ఇవ్వకపోతే అది గడియారం లేనివాడికి ముహూర్తం పెట్టినట్టు. అందుకని వార్డెన్‌తో ముందే మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకోండి: ఆఫీసు గదిలో ఒక ఫోను, రోజూ సాయంత్రం ఆటల వేళ అరగంట, తలుపు దగ్గరగా వేసి ఉండాలి, ఎవరికి చేశావని అడగకూడదు, పుస్తకంలో పేరు రాయించకూడదు. రాత్రిపూట అత్యవసరమైతే వార్డెన్ తన ఫోను ఇవ్వాలి. దీనికి ఒప్పుకోకపోతే మీటింగ్ వాయిదా వేయండి. నేను ఒక హాస్టల్లో అలాగే వేశాను, రెండు నెలల తర్వాత వాళ్లే పిలిచారు.

తర్వాత ఆసుపత్రి. మీకు దగ్గర్లోని జిల్లా ఆసుపత్రికో, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికో మీరే ఒకసారి వెళ్లి రండి. సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుంది, ఓపీ చీటీ ఎన్నింటి దాకా రాస్తారు, గది ఎన్నో నంబరు, బస్టాండులో ఏ బస్సెక్కాలి, అన్నీ ఒక కార్డు మీద రాసుకోండి. నేను వెళ్లినప్పుడు ఆ గది ఎక్కడని అడగడానికి నాకే నోరు రాలేదు. నలభై ఏళ్లు దాటిన మగవాణ్ని, నా పని మీద వెళ్లిందీ కాదు, అయినా కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అడిగాను. పదహారేళ్ల పిల్లకు ఇంకెలా ఉంటుందో ఊహించండి. గది నంబరు కార్డు మీద ఉంటే ఎవర్నీ అడగక్కర్లేదు, అందుకే అది రాసుకోమంటున్నాను.

2. ప్రిన్సిపాల్ గారి గది

"పిల్లలకు లేనిపోని ఆలోచనలు మీరే నేర్పిస్తారా?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కోపం తెచ్చుకోకండి, ఆ భయం నిజమైనదే. కానీ చావు గురించి సూటిగా, నెమ్మదిగా అడగడం వల్ల లేని ఆలోచన కొత్తగా పుట్టదు. ఉన్న ఆలోచనను బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా ఒప్పుకునే మాట ఇది.

అప్పటికీ తటపటాయిస్తుంటే సుప్రీంకోర్టు మాట ఎత్తండి, అయితే బెదిరింపులా కాదు. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి చనిపోయింది. ఆ కేసు చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. 2025 జూలై 25న కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లోనూ తరగతుల్లోనూ పెద్ద అక్షరాలతో కనిపించాలి. మార్కులను బట్టి పిల్లల్ని వేరువేరు బ్యాచ్‌లుగా వీలైనంత వరకు విడగొట్టకూడదని కూడా అందులో ఉంది. ఈ చివరిది చదివి మా స్టాఫ్ రూములో ఒకాయన చాలాసేపు నవ్వాడు. నవ్వు ఎందుకొచ్చిందో ఇంటర్ చదివిన ప్రతివాడికీ తెలుసు.

"సార్, ఇది ఎలాగూ చేయాల్సిందే, మనం బాగా చేద్దాం" అంటే చాలావరకు సంతకం పెడతారు.

3. ఎప్పుడు, ఎంతమందితో

అక్టోబరు 10న పెట్టాలని పట్టుబట్టకండి. మన పిల్లల క్యాలెండర్ వేరు. జూన్‌లో చేరినవాళ్లు దసరా సెలవులకు ఇంటికెళ్లి తిరిగొచ్చిన మొదటి వారం గడ్డుది. ఇల్లు మళ్లీ రుచి చూసి వచ్చారు కదా, బెంగ రెట్టింపవుతుంది. సంక్రాంతి తర్వాత ప్రీ ఫైనల్స్ అప్పుడు ఇంకో గండం.

అన్నిటికంటే పెద్దది ఫలితాల రోజు. అది సాధారణంగా ఏప్రిల్లో వస్తుంది, అప్పటికి కాలేజీ ఉండదు, హాస్టల్ ఉండదు, మనం ఉండం. పిల్లవాడు ఇంట్లో ఒక్కడే కూర్చుని హాల్ టికెట్ నంబరు కొట్టుకుని చూసుకుంటాడు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయని గొడవై, ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ మళ్లీ చూడాల్సి వచ్చింది. అందుకని మార్చి పరీక్షల ముందు ఇంకో చిన్న సమావేశం పెట్టండి. ఫలితం ఎవరి పక్కన కూర్చుని చూస్తారో ప్రతి పిల్లవాడూ ఒక పేరు రాసుకోవాలి. అమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, పక్కింటి అక్క కావచ్చు. రీ వెరిఫికేషన్ ఎలా పెట్టుకోవాలి, సప్లిమెంటరీ ఎప్పుడుంటుంది అన్నవి కూడా అప్పుడే బోర్డు మీద రాయండి. వినడానికి ఇది మానసిక ఆరోగ్యంలా అనిపించదు గానీ, "సప్లీ ఉంది కదా" అన్న మాట ఆ రోజు చాలా బరువు దించుతుంది.

ఎంతమంది అంటే, నలభై. ఒక సెక్షన్. నాలుగు వందల మందిలో ఎవరూ నోరు విప్పరు, నలుగురైదుగురు అల్లరి చేస్తారు, మిగతావాళ్లు నవ్వుతారు.

4. మాటలు చూసుకోండి

హైదరాబాద్ చుట్టుపక్కల ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి" అంటాం. విశాఖ వైపు వాల్తేరు పేరు చెబుతారు. రెండూ పిచ్చాసుపత్రులున్న చోట్లని జోకు. ఈ జోకు విన్న పిల్లవాడు తనకు నిజంగా నిద్ర పట్టనప్పుడు ఏ డాక్టరు దగ్గరికెళతాడు? మీ ప్రసంగంలో నవ్వు కోసమైనా సరే పిచ్చి, మెంటల్, ఎర్రగడ్డ రానివ్వకండి. అలవాటు మీద ఒకసారి నా నోట్లోంచే "పిచ్చి ప్రశ్నలు" అని వచ్చేసింది. వెనక బెంచీలో ఒకడు "సార్!" అని పట్టుకున్నాడు. సారీ చెప్పాను. అదే మంచి పాఠమైంది.

పేపర్లలో "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని రాస్తారు. పాల్పడటం అనేది మనం నేరానికి, మోసానికి, దొంగతనానికి వాడే మాట. చనిపోయాడు, ప్రాణం తీసుకున్నాడు అంటే చాలు. ఒకప్పుడు ఆ ప్రయత్నం నిజంగా నేరమే, పాత శిక్షాస్మృతిలో 309 సెక్షన్ ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదని మారింది. 2024 జూలైలో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి చోటే ఇవ్వలేదు. "పోలీసు కేసవుతుందేమో" అని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ సంగతి పెద్దలకు తప్పక చెప్పండి.

ఇక మామూలు మాటలు. "డిప్రెషన్" అంటే పిల్లలకు తెలుసు, బ్రేకప్ అయిన ప్రతివాడూ స్టేటస్‌లో అదే పెడుతున్నాడు. వాళ్ల అమ్మానాన్నలకు చెప్పాలంటే మాత్రం ఊళ్లో ఉన్న మాటే వాడండి. తెలంగాణలో రంది అంటారు, మనాది అంటారు. "పిల్లకు మనాది పట్టుకుంది, చిక్కిపోతోంది" అంటే ఏ ముసలమ్మకైనా ఇట్టే అర్థమవుతుంది. ఇంకోచోట దిగులు, బెంగ, గుబులు. "మనోవ్యాధికి మందు లేదు" అని సామెత ఒకటుంది మనకు. మా అమ్మ చాలాసార్లు అనేది. సామెత పుట్టిన రోజుల్లో నిజంగానే మందు లేదు, ఇప్పుడుంది. ఈ ముక్క మీటింగ్‌లో చెబితే ముసలివాళ్లు కూడా తలెత్తి చూస్తారు.

5. ఎవరితో మాట్లాడించాలి

డాక్టరు వస్తే మంచిదే, కానీ ఆయన ప్రసంగం వద్దు. ఆయన్ని చివర పది నిమిషాలు ప్రశ్నలకు కూర్చోబెట్టండి. "ఆ మాత్రలు వేసుకుంటే అలవాటైపోతాయట కదా?" అన్నది ప్రతిసారీ వచ్చే ప్రశ్న. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు మత్తుమందులు కావు, కానీ బాగుందని మనంతట మనమే హఠాత్తుగా ఆపకూడదు. కొన్ని నిద్రమాత్రలు, టెన్షన్ తగ్గించే మాత్రలు మాత్రం అలవాటయ్యే రకం, అందుకే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకూడదు. ఈ తేడా డాక్టరు నోటితో వస్తే నమ్ముతారు.

అసలు మాట్లాడాల్సింది ఆ బాధ పడి, వైద్యం చేయించుకుని, ఇప్పుడు తన పని తాను చేసుకుంటున్న మనిషి. మానసిక సమస్యల మీద ఉన్న చిన్నచూపు తగ్గడానికి అన్నిటికంటే బాగా పనిచేసేది ఇలాంటి మనిషిని ఎదురుగా చూడటమేనని 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ నివేదిక తేల్చింది. దీపికా పదుకొణె 2015లో తన డిప్రెషన్ గురించి టీవీలో చెప్పినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. కానీ మా పిల్లలకు ఆవిడకంటే మా పాత విద్యార్థి ఒకడు దగ్గరివాడు. ఎలక్ట్రీషియన్ పని చేస్తాడు, కాలేజీ గేటు అవతల టీ తాగుతూ రోజూ కనిపిస్తాడు. అలాంటివాణ్ని వెతకండి. దొరక్కపోతే వదిలేయండి, ఎవర్నీ బలవంతంగా నిలబెట్టొద్దు. ప్రస్తుతం చదువుతున్న పిల్లల్ని అసలే వద్దు.

అతనితో ముందురోజు కూర్చుని మూడే మూడు ప్రశ్నలు అనుకోండి. ఎలా మొదలైంది? మొదట ఎవరికి చెప్పావు? ఇప్పుడెలా చూసుకుంటున్నావు? ప్రాణం తీసుకోవాలనుకున్న సందర్భం ఉంటే ఉందని చెప్పవచ్చు, ఎలా, దేనితో అన్న వివరాలు మాత్రం ఒక్క ముక్క రాకూడదు. నాటిక వేసే పిల్లలకూ ఇదే షరతు. మన పిల్లలకు స్కిట్ అంటే చివర్లో ఒకడు చనిపోవాలి, అందరూ ఏడవాలి, పాట రావాలి. ఒప్పుకోకండి. కథలో ఆ కుర్రాడు ఎవరికో చెప్పుకోవాలి, అక్కడితో తెర పడాలి. "బోర్ సార్" అంటారు. అననివ్వండి.

6. చీటీల డబ్బా

మీటింగ్‌కు రెండు రోజుల ముందు తరగతిలో ఒక అట్టపెట్టె పెట్టండి. నేను బిస్కెట్లొచ్చిన డబ్బాకు పైన బ్లేడుతో గాటు పెట్టి, చుట్టూ టేపు వేస్తాను. లాంగ్ నోట్‌బుక్ కాగితం నాలుగు ముక్కలు చేసి అందరికీ పంచండి. ఇక్కడ ఒక కిటుకుంది: అందరూ రాయాలి. చెప్పడానికేమీ లేనివాడు నచ్చిన కూర పేరు రాసి వేయాలి. అప్పుడు పెన్ను కదిపినంత మాత్రాన "వీడికేదో ఉంది" అని పక్కవాడు అనుకోడు. పేర్లు వద్దు. మాట్లాడాలనుకునే వాళ్లు మాత్రం రోల్ నంబరు రాయవచ్చని చెప్పండి.

మొదటిసారి మా డబ్బాలో ముప్ఫై ఎనిమిది చీటీలొచ్చాయి. పదిహేనింట్లో చికెన్, గుత్తివంకాయ. ఒకడు రాశాడు: "తెల్లారుజామున మూడింటికి మెలకువొస్తుంది, మళ్లీ నిద్ర రాదు, అందరూ నిద్రపోతుంటే ఫ్యాన్ చప్పుడు వింటా". ఇంకో చీటీ మడతల మీద మడతలు పెట్టి గోరంత చేసి వేశారు. విప్పితే ఇంతే ఉంది: "మా నాన్న నా ఫీజు కోసం గేదెను అమ్మాడు. నాకు ఫిజిక్స్ అర్థం కావడం లేదు."

రెండో వాక్యం కింద ఏదో రాసి కొట్టేశారు. వెలుగుకు పెట్టి చూద్దామనిపించింది. చూడలేదు.

మీటింగ్ ఈ చీటీలతోనే మొదలవ్వాలి. ఎవరిదో పోల్చుకోవడానికి వీల్లేకుండా మాటలు కాస్త మార్చి మూడు నాలుగు చదవండి. గేదె చీటీని "అప్పు చేసి చదివిస్తున్నారు, నాకు సబ్జెక్టు రావట్లేదు" అని మార్చి చదివాను. గదిలో ఒక్కసారిగా చప్పుడు లేదు. ఆ తర్వాత నేను ఏం చెప్పినా విన్నారు.

అప్పుడు చెప్పండి, కొద్దిగానే. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే, సగం 18 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో (మన రెండు రాష్ట్రాలూ ఆ పన్నెండింటిలో లేవు) 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక సమస్య కనిపించింది. ఆ లెక్కన నలభై మంది క్లాసులో ముగ్గురు. ఎవరా ముగ్గురని పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, "వెతక్కండి, ఏడాదికేడాది మారుతుంటారు" అనండి. ఆ సర్వేలోనే తేలింది ఇంకొకటి: సమస్యను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు. ఇంతకు మించి అంకెలు వద్దు.

బాధ అందరికీ ఉంటుంది, మార్కులు తగ్గితే రెండు రోజులు అన్నం సయించదు, అది జబ్బు కాదు. కానీ రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, ఇష్టమైన క్రికెట్ కూడా ఆడబుద్ధి కాకపోతే, నిద్ర, ఆకలి, చదివింది బుర్రకెక్కడం అన్నీ తేడా వస్తే అప్పుడు ఎవరికైనా చూపించుకోవాలి. జ్వరమైతే మూడో రోజుకే వెళతాం కదా.

తర్వాత అందరి ముందూ స్పీకర్ ఆన్ చేసి 14416 కొట్టండి. తెలుగు ఎంచుకునే దాకా వినిపించి, కౌన్సెలర్ పలికితే మీటింగ్‌లో ఉన్నామని చెప్పి పెట్టేయండి. అక్కడ ఎవరో ఆపదలో ఉన్నవాళ్లు కాల్ కోసం చూస్తుంటారు, ఎక్కువసేపు పట్టుకోవద్దు.

7. స్నేహితుడికి ఏం చెప్పాలో నేర్పండి

పిల్లలు మొదట చెప్పుకునేది మనకు కాదు, రూమ్మేట్‌కు. కాబట్టి నేర్పాల్సింది రూమ్మేట్‌కు. ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరు రెండు నిమిషాలు మాట్లాడాలి, రెండోవాళ్లు సలహా ఇవ్వకుండా వినాలి అని పెట్టండి. చూడ్డానికి భలే ఉంటుంది. మగపిల్లలు ఇరవై సెకన్లు కూడా ఆగలేరు, "లైట్ తీస్కో మామా", "జిమ్‌కు పోదాం రా" అనేస్తారు. ఆడపిల్లలు నయం, కానీ "నాకు ఇంకా ఘోరంగా జరిగింది తెలుసా" అని తమ కథ ఎత్తుకుంటారు. మూడోసారికి గానీ కుదురుకోదు.

కొన్ని గుర్తులు మాత్రం గట్టిగా చెప్పాలి. ప్రాణంగా చూసుకునే వస్తువులు ఊరికే పంచేయడం, "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాటలు, చాలా రోజులు కుమిలిపోయి ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోవడం. ఇవి కనిపిస్తే డొంకతిరుగుడు వద్దు, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడగమనండి. అవునంటే ఒంటరిగా వదలకూడదు, బాత్రూముకు వెళ్లినా బయట నిలబడాలి, ఆ రాత్రే పెద్దవాళ్లకు చెప్పాలి. ప్రాణం మీదికొస్తే 108. "ఎవరికీ చెప్పనని ఒట్టేయ్" అంటారు, ఆ ఒట్టు మాత్రం వేయకూడదు. వేసేసి ఉంటే తీసి గట్టు మీద పెట్టాలి. స్నేహితుడు నెల రోజులు మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

8. ఆ సాయంత్రం

మీటింగ్ తర్వాత కనీసం గంటన్నర మీకు ఏ పనీ ఉండకూడదు. అతిథిని దింపడానికి ఇంకెవరికైనా చెప్పండి. ఫొటోలొద్దు, పిల్లల మొహాలు వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు. ఎక్కడో చెట్టు కింద, అందరికీ కనిపించేలా, కానీ మాటలు వినపడనంత దూరంలో ఊరికే కూర్చోండి. ఆడపిల్లల కోసం ఒక మేడమ్ కూడా ఉంటే మంచిది. సైకిల్ గొలుసు బాగుచేసుకుంటున్నట్టు, పుస్తకం మర్చిపోయినట్టు నాలుగుసార్లు మీ ముందు నుంచి తిరుగుతారు. ఐదోసారి ఆగుతారు.

ఆగినప్పుడు మీరు కౌన్సెలర్ కాదన్న సంగతి గుర్తుంచుకోండి. వినండి, "చెప్పి మంచిపని చేశావు" అనండి, రేపు ఏం చేద్దామో ఒక్కటి తేల్చుకోండి: ఫోనా, ఆసుపత్రా, ఇంట్లో చెప్పడమా. ఆసుపత్రైతే మీరు తోడు వెళ్లండి. కొట్టడం, లైంగిక వేధింపు లాంటివి బయటపడితే అది మన మధ్యే ఉంచుకునే రహస్యం కాదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది, చట్టం ప్రకారం ఫిర్యాదు ఇవ్వాల్సిన సందర్భాలూ ఉంటాయి, ఆ సంగతి ఆ పిల్లకు ముందే చెప్పి చేయండి.

మిగిలిన చీటీలన్నీ ఆ రాత్రే చదవండి, తెల్లారేదాకా ఆగొద్దు. ప్రమాదం ధ్వనించే చీటీ ఉండి రోల్ నంబరు లేకపోతే చేతిరాతలు పోల్చి దొంగను పట్టుకున్నట్టు పట్టుకోకండి. అప్పుడే హాస్టల్‌కు వెళ్లి, స్టడీ అవర్‌లో అందరితో అనండి: "ఒక చీటీ చదివాను. రాసింది ఎవరో నాకు తెలియదు. ఆ బాధ పెద్దదే. రాత్రి పది దాకా ఇక్కడే ఉంటాను, ఫోను ఆఫీసు గదిలో ఉంది." రాత్రంతా ఒక కన్నేసి ఉంచమని వార్డెన్‌కు చెప్పండి. నేను రెండుసార్లు అలా కూర్చున్నాను. ఒకసారి వచ్చారు. ఇంకోసారి తొమ్మిదిన్నరకు గది నుంచి ఫోను మాటలు వినిపించాయి, ఎవరో చూడకుండా గేటు దాకా వెళ్లి నిలబడ్డాను.

9. అమ్మానాన్నలు

పేరెంట్స్ మీటింగ్ అంటే మార్కుల కోసమే వస్తారు, మార్కులు చెప్పాకే ఈ పది నిమిషాలు తీసుకోండి. "మీ అబ్బాయికి మానసిక సమస్య" అంటే లేచి వెళ్లిపోతారు. "నిద్రపోతున్నాడా, తింటున్నాడా, ఇంటికొచ్చినప్పుడు మీతో మాట్లాడుతున్నాడా" అని అడిగితే వాళ్లే చెబుతారు. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం అంటే వెక్కిరించకండి. కట్టించుకోనివ్వండి, దాంతోపాటు డాక్టరుకూ చూపించమనండి. ఒక తండ్రి చేతికి తాయెత్తుతోనే కొడుకును సైకియాట్రీ ఓపీకి తీసుకొచ్చాడు, డాక్టరు గారు దాన్ని చూసి ఏమీ అనలేదు. ఆ డాక్టరంటే అప్పటి నుంచి నాకు గౌరవం.

గేదె సంగతి కూడా అక్కడ ఎత్తాను, పేరు లేకుండా. "ఫీజు ఎలా కట్టామో పిల్లలకు తెలియడం తప్పు కాదు, కానీ మార్కులు తగ్గిన రోజు గుర్తుచేయకండి" అన్నాను. ఓ మూల నుంచి ఒకాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయనదేనో కాదో తెలియదు.

10. గోడ మీద కాగితం

చివరికి పోస్టర్. ఉరితాడు, ఏడుస్తున్న మొహం, చీకటి గది బొమ్మలు వద్దు. నినాదాలు వద్దు. 14416 అని పెద్దగా, కింద "తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు, పేరు చెప్పాలని లేదు" అని ఒక వాక్యం, ఆసుపత్రి గది నంబరు, బస్సు. ట్యూషన్ చెబుతామని గోడలకు అంటించే కాగితాలు చూసే ఉంటారు, కింద అంచు చీలికలు చీలికలుగా కత్తిరించి ప్రతి చీలిక మీదా నంబరు రాస్తారు. అలా చేయండి. నోటీసు బోర్డు మీద అంటిస్తే ఎవరూ చింపుకోరు, అందరూ చూస్తుంటారు. బాత్రూము తలుపుకు లోపలి వైపు అంటించండి.

మాది మొదటిసారి ఇరవై చీలికలు. వారం తర్వాత వెళ్లి చూస్తే ఏడు లేవు. ఒకటి సగం చిరిగి వేలాడుతోంది, మధ్యలో ఎవరో వచ్చినట్టున్నారు. దాన్ని పూర్తిగా చింపి, పట్టుకుపోవడానికి వీలుగా గొళ్లెం మీద పెట్టి వచ్చాను.